రాశి పైన కనిపించేదీ, అడుగున ఉన్నదీ

పత్తి రోజుల్లో ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్లినవారికి ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి, పొరుగున ఉన్న కర్ణాటక ఊళ్ల నుంచి రైతులు తెచ్చిన పత్తి రాశులు రాశులుగా పోసి ఉంటుంది. కొనేవాడు పైనున్న తెల్లని దూదిని చూసి ఊరుకోడు. చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పైకి లాగుతాడు. పింజ ఎంత పొడవుందో చూస్తాడు. తడి ఉందేమోనని పిసికి చూస్తాడు. ఇప్పుడు తేమను కొలిచే మీటర్లు కూడా వచ్చాయి. తేమ 8 శాతం దాటిన కొద్దీ ధర తగ్గుతుంది. 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ ఆ సరుకును తీసుకోదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, పైన కనిపించేది ఒకటి, అడుగున ఉన్నది మరొకటి కావచ్చునన్న అనుమానం చేతనే.

పద్నాలుగు శతాబ్దాల క్రితం మదీనా బజారులో దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా ఒక ధాన్యపు రాశిలో ఇలాగే చెయ్యి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వాన పడిందని ఆ వ్యాపారి జవాబిచ్చాడు. మరి తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడికీ తనకూ సంబంధం లేదని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది.

ఇది మనం చిన్నప్పటి నుంచీ వింటున్న హదీసే. కాని దీన్ని దుకాణందారులకు, ధాన్యం వ్యాపారులకు చెప్పిన మాటగా మాత్రమే అనుకుంటూ వచ్చాం. మన ఇంట్లో అమ్మే సరుకేదీ లేదు కనుక ఇది మనకు వర్తించదనుకున్నాం. అయితే ఈ రోజుల్లో మన ఇళ్లలో కూడా కొత్త రాశులు వెలిశాయి. ఆ రాశుల పైన ఏది పెట్టాలో నిర్ణయిస్తున్నది చాలాచోట్ల మన పిల్లలే. ఆ రాశులు ఇంటర్నెట్‌లోకి ఎక్కించే వీడియోలు. రాశి పైన పెట్టే గుప్పెడు ‘థంబ్‌నెయిల్’ అనే చిన్న బొమ్మ.

గోరంత బొమ్మ

థంబ్‌నెయిల్ అంటే బొటనవేలి గోరు. వీడియోను తెరవకముందే దాని గురుతుగా కనిపించే చిన్న బొమ్మకు ఆ పేరు వచ్చింది. వీడియో అంటే నిజానికి వరుసగా కదిలిపోయే నిలువు చిత్రాల దండ. సెకనుకు 25 చిత్రాల లెక్కన తీస్తే, గంట సేపు సాగిన ఒక ప్రసంగంలో 90 వేల చిత్రాలు ఉంటాయి. ఆ 90 వేలలో ఒక్కటి బయటికి వచ్చి మిగిలిన 89,999 చిత్రాల తరఫున గుమ్మంలో నిలబడుతుంది. చూసేవాడు ఆ ఒక్కదాన్ని చూసే లోపలికి రావాలో వద్దో తేల్చుకుంటాడు. అంటే ఆ బొమ్మ ఒక సాక్షి. లోపల ఏముందో బయట నిలబడి చెప్పే సాక్షి.

ప్రాణుల చిత్రాల విషయంలో, ముఖ్యంగా కెమెరా చిత్రాల విషయంలో ధార్మిక పండితుల మధ్య అభిప్రాయభేదం ఉన్న సంగతి పాఠకులకు తెలుసు. ఆ చర్చలోకి ఇక్కడ వెళ్లడం లేదు. కెమెరాను అనుమతించే పండితులు కూడా మోసాన్ని అనుమతించరు. కనుక మన ప్రశ్న ఇది: ఉన్న చిత్రాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవడంలో కూడా అబద్ధం ఉంటుందా? చేర్చినది ఏమీ లేదు, తీసేసినది ఏమీ లేదు, ఎంచుకున్నది మాత్రమే. దానికి కూడా మనిషి జవాబు చెప్పుకోవాలా?

ఒక బయాన్, ఒక బొమ్మ

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లోంచి పుట్టలేదు. ఎమ్మిగనూరులో పెళ్లిళ్లకు, సభలకు వీడియోలు తీసే ఒక యువకుడు ఉన్నాడు. నమాజు తప్పనివాడు, నలుగురికీ సాయపడేవాడు. ఆదోనిలో ఒక మహల్లాలో జరిగిన బయాన్‌ను డబ్బు తీసుకోకుండా చిత్రించి, ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ ప్రసంగం రక్త సంబంధాల గురించి. ఆస్తి పంపకాల్లో విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఎలా కలవాలో వక్త గంటసేపు ఎంతో మెత్తగా చెప్పారు. మధ్యలో ఒక్కచోట, కోపంతో ఊగిపోయే అన్న ఎలా మాట్లాడతాడో చూపించడానికి కళ్లు పెద్దవి చేసి, వేలు పైకెత్తి, గొంతు పెంచారు. అర నిమిషం కూడా లేదు. వెంటనే, ఇలా మాట్లాడకండి నాయనలారా అని చేతులు జోడించారు.

మన యువకుడు ఆ వేలెత్తిన చిత్రాన్నే ఎంచుకున్నాడు. దాని పక్కన ఎర్రటి అక్షరాలతో ‘ఇక సహించేది లేదు!’ అని రాశాడు. మామూలుగా వందల్లో ఆగిపోయే వీడియో వేలల్లోకి వెళ్లింది. కాని ఆ బొమ్మ వీడియో కంటే వేగంగా వెళ్లింది. మీ మసీదులో ఏదో గొడవ జరిగిందట కదా అని ఇరుగుపొరుగు హిందూ సోదరులు ఆదుర్దాగా అడిగారు. అంతకంటే బాధాకరమైన విషయం మరొకటి. ఆ మహల్లాలోనే ఏళ్ల తరబడి మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. ఆ బయాన్ విన్న తమ్ముడి మనసు కరిగింది. పెద్దలు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలని అనుకున్నారు. ఈలోగా అన్న ఫోనులో ఆ బొమ్మ చూశాడు. నలుగురిలో నన్ను వేలెత్తి తిట్టించారు అనుకున్నాడు. వీడియో తెరవలేదు. పెద్దల పిలుపుకు రాలేదు.

మేము ఆ యువకుడిని పిలిచి మాట్లాడినప్పుడు అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “చాచా, నేను అబద్ధం ఎక్కడ చెప్పాను? ఆ బొమ్మ బయాన్‌లోదే కదా! నేనేమీ తయారు చేయలేదు, అతికించలేదు” అన్నాడు.

అతని మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఈ రోజు ఎంతోమంది మంచి పిల్లల మనసులో ఉన్న మాట అది.

నిండు పొదుగు

దీనికి జవాబు దైవప్రవక్త (స) బోధనల్లో వెతికితే మరొక బజారు హదీసు దొరుకుతుంది. ఒంటెనో మేకనో అమ్మదలచినవాడు దాని పాలను కొన్ని పూటలు పితక్కుండా వదిలేసేవాడు. పొదుగు నిండి, బరువుగా వేలాడేది. కొనేవాడు దాన్ని చూసి, ఇది రోజూ ఇన్ని పాలు ఇస్తుంది కాబోలు అనుకొని ఎక్కువ ధర పెట్టేవాడు. ఆయన (స) ఈ పద్ధతిని నిషేధించారు. అలా మోసపోయి కొన్నవాడికి పశువును ఉంచుకునే హక్కు, లేదా వాడుకున్న పాలకు బదులుగా ఒక ‘సా’ ఖర్జూరాలతో సహా తిరిగి ఇచ్చే హక్కు కల్పించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ మేక నిజం. పొదుగు నిజం. అందులోని పాలు నిజం. అమ్మేవాడు నోరు విప్పి ఒక్క అబద్ధం కూడా చెప్పి ఉండకపోవచ్చు. అయినా అది మోసమే. ఎందుకు? ఆ మేక జీవితంలో అరుదుగా వచ్చే ఒక క్షణాన్ని ఎంచి, అదే దాని నిత్యస్థితి అన్నట్టుగా నిలబెట్టాడు గనుక. చూసేవాడి కళ్లు ఒక నిర్ణయానికి వస్తాయని తెలిసే నిలబెట్టాడు గనుక. నిజమైన ముక్కతో కూడా అబద్ధం చెప్పవచ్చునని ఈ హదీసు మనకు నేర్పుతోంది. అబద్ధం నాలుక మీదే కాదు, ఎంపికలోనూ ఉంటుంది.

గంటసేపు సాగిన మెత్తని ప్రసంగంలో వేలెత్తిన ఆ ఒక్క క్షణం, పాలు పితక్కుండా నింపిన పొదుగు లాంటిదే.

యంత్రం అడిగే ప్రశ్న, మనిషి అడిగే ప్రశ్న

ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో కొంచెం తెలుసుకుంటే మన బాధ్యత ఇంకా స్పష్టమవుతుంది. ఒక వెబ్‌సైటులోకి వీడియో ఎక్కించగానే, అక్కడి సాఫ్ట్‌వేర్ దానిలోంచి ఒకటో రెండో చిత్రాలు తీసి, చిన్నవిగా కుదించి దాచుకుంటుంది. మొట్టమొదటి చిత్రాన్నే తీస్తే చాలాసార్లు అది ఉత్త నలుపుగా ఉంటుంది. అందుకని కొంత లోపలికి వెళ్లి తీస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి ఎంతో వాడుకలో ఉంది. అందులో ఒక పద్ధతి ఇలా ఉంటుంది: ప్రత్యేకంగా చెప్పకపోతే 100 చిత్రాలను ఒక గుంపుగా తీసుకుంటుంది. ఒక్కొక్క చిత్రంలో ఏ రంగు ఎంత ఉందో లెక్క కడుతుంది. ఆ వందకూ కలిపి సగటు తీస్తుంది. ఆ సగటుకు ఏ చిత్రం అన్నింటికంటే దగ్గరగా ఉందో దాన్ని ఎంచుతుంది.

దానికి మంచి చెడులు తెలియవు. సత్యం అంటే ఏమిటో తెలియదు. అయినా అది అడిగే ప్రశ్న ఎంత నిజాయితీగా ఉందో చూడండి: ‘వీటిలో మిగతా అన్నింటినీ పోలి ఉన్నది ఏది?’ అదే చోట మనిషి కూర్చొని ఏమడుగుతున్నాడు? ‘వీటిలో మిగతా దేన్నీ పోలనిది ఏది? అన్నింటికంటే వింతగా, అన్నింటికంటే భయంగా ఉన్నది ఏది?’

యూట్యూబ్ 2005లో మొదలైంది. తొలి సంవత్సరాల్లో వీడియో పొడవులో పావు వంతు దగ్గర, సగం దగ్గర, ముప్పావు దగ్గర ఉన్న చిత్రాలను యంత్రమే తీసి చూపించేది. ఇది కనిపెట్టిన కొందరు తమ వీడియోలో సరిగ్గా సగం దగ్గర, రెప్పపాటు సేపు, ఏ సంబంధమూ లేని ఆకర్షణీయమైన బొమ్మను దూర్చడం మొదలుపెట్టారు. అడుగున తడి, పైన పొడి! చివరికి 2008 డిసెంబరులో, చిత్రాలను ఎంచే పద్ధతిని మారుస్తున్నామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. తరువాత సొంత బొమ్మలు పెట్టుకునే వీలు వచ్చింది. దానితో మోసమూ పెరిగింది. 2012లో, ఎందరు నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టారు. 2024 డిసెంబరులో, బొమ్మలోనూ శీర్షికలోనూ ఆశ చూపి వీడియోలో అది ఇవ్వనివారిపై చర్యలను కఠినం చేస్తామని, ఆ పనిని మన భారతదేశం నుంచే మొదలుపెడతామని ప్రకటించారు.

ఇది మనకు గర్వకారణమైన విషయమేమీ కాదు. ఒక వ్యాపార సంస్థ తన లాభనష్టాల లెక్కతో నియమం పెట్టుకుంది. ఆ నియమాన్ని దాటే ఉపాయం కనిపెట్టేవారు రేపు మళ్లీ పుడతారు. విశ్వాసిని ఆపవలసింది ఆ నియమం కాదు. వినికిడి, చూపు, హృదయం, వీటన్నింటి గురించీ మనిషి ప్రశ్నించబడతాడని దివ్య ఖుర్ఆన్ (17:36) చెబుతోంది. చూసినదానికే లెక్క ఉన్నప్పుడు, ఇతరులకు చూపించినదానికి లెక్క లేకుండా పోతుందా?

కొంగు పైకి మడవడం తప్పా?

ఎమ్మిగనూరు యువకుడు మరో మాట కూడా అన్నాడు. “చాచా, మామూలు బొమ్మ పెడితే ఎవరూ తెరవరు. తెరవకపోతే ఇంత మంచి బయాన్ వృథా కదా! సరుకును అందంగా చూపించడం కూడా హరామేనా?”

ఇది న్యాయమైన ప్రశ్న. మంచి మాట నలుగురికీ చేరాలన్న అతని తపన మెచ్చుకోదగినది. దానికి జవాబు మేము అతని ఊరి నుంచే చెప్పాం. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న పట్టణం. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ సేవకు 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మగ్గాల నడుమ పెరిగిన ఆ ఊరివారికి చీర మడత గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. చీరను మడిచేటప్పుడు కొంగు పైకి కనిపించేలా మడుస్తారు. చీరలో అందమైన భాగం అదే. ఇది మోసం కాదు. ఎందుకంటే ఆ కొంగు ఆ చీరదే. కొంగు ఇలా ఉంటే ఒడలు కొంచెం సాదాగా ఉంటుందని కొనేవారందరికీ తెలుసు. మడత విప్పి చూసుకునే వీలూ ఉంది. కాని పైన పట్టు కొంగు కనిపించేలా పెట్టి, లోపల నూలు చీర మడిచి ఇస్తే? లేదా చిరుగు ఉన్న చోటు లోపలికి పోయేలా మడిస్తే? అప్పుడు అదే మడత మోసమవుతుంది.

పత్తి ఏకి పరుపులు కుట్టే వృత్తిలో తరతరాలుగా బతికిన మన నూర్‌బాషా పెద్దలకూ ఈ తేడా తెలుసు. గుడ్డకు ఆనుకొని కొత్త దూది, నడుమ పాత దూది కూరి కుట్టేస్తే కొన్నవాడికి ఆ రోజు తెలియదు. పడుకున్న కొన్నాళ్లకు వీపుకు తెలుస్తుంది. కుట్టినవాడికి మాత్రం మొదటి రోజే తెలుసు. అల్లాహ్‌కు అంతకుముందే తెలుసు.

అందం తప్పు కాదు. అల్లాహ్ అందమైనవాడనీ, అందాన్ని ఇష్టపడతాడనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. వెలుతురు బాగున్న చిత్రం ఎంచుకోండి. వక్త ముఖం ప్రశాంతంగా ఉన్న క్షణం వెతకండి. అక్షరాలు చదవడానికి వీలుగా, పొందికగా రాయండి. ఇదంతా కొంగు పైకి మడవడమే. కాని లోపల లేనిదాన్ని పైన చూపిస్తే, అది తనకు లేనిదాన్ని ఉన్నట్టు చూపించుకోవడం. అలాంటివాడిని దైవప్రవక్త (స) అబద్ధపు దుస్తులు రెండు తొడుక్కున్నవాడితో పోల్చారు. నేతగాళ్ల ఊరివారికి ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. అబద్ధంతో నేసిన బట్ట ఎంత మెరిసినా అది ఒంటిని కప్పదు.

మరి, మంచి కోసమే కదా అన్న మాట? కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్న హదీసును మనవాళ్లు ఇక్కడ ముందుకు తెస్తారు. సంకల్పం మంచిదైతే మంచి పనికి పుణ్యం పెరుగుతుంది. అంతేగాని సంకల్పం మంచిదైనంత మాత్రాన తప్పుడు పని ఒప్పయిపోదు. దొంగిలించిన సొమ్ముతో మసీదుకు సున్నం వేయిస్తానంటే ఒప్పుకుంటామా? పైగా ధర్మం గురించి చెప్పే వీడియోకు అబద్ధపు బొమ్మ పెట్టడం మామూలు వీడియోకు పెట్టడం కంటే బరువైన తప్పు. సినిమా కబుర్ల బొమ్మ చూసి మోసపోయినవాడు ఆ వీడియోను తిట్టుకుంటాడు. బయాన్ బొమ్మ చూసి మోసపోయినవాడు ధర్మం చెప్పేవాళ్లే ఇంతే అనుకుంటాడు. సత్యానికి అసత్యాన్ని గుమ్మంలో కాపలా పెట్టినట్టు అవుతుంది.

తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని ఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరా మొదట్లోనే హెచ్చరించింది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి గురించి ఆ హెచ్చరిక. చూసేవాడి ఆయుష్షులోంచి పది నిమిషాలు నిండుగా తీసుకొని, బొమ్మలో ఇస్తామన్నది ఇవ్వకపోవడం ఏ తూకం కిందికి వస్తుందో పాఠకులే ఆలోచించాలి.

‘వాన పడింది’ అన్న జవాబు

ఇప్పటిదాకా మనిషి కావాలని ఎంచిన బొమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఎవరూ ఎంచకుండా యంత్రమే ఎంచిన బొమ్మ సంగతేమిటి? ఆదోనిలో మాకు తెలిసిన ఒక కుటుంబంలో వలీమా జరిగింది. ఎడారి దేశాల్లో పని చేస్తున్న బంధువులు చూస్తారని వీడియో తీయించి ఇంటర్నెట్‌లో పెట్టించారు. రెండు గంటల వీడియోలో ఆడవారి పందిరి వైపు కెమెరా తిరిగింది కొన్ని క్షణాలే. ఎక్కించినవాడు బొమ్మ ఏదీ ఎంచలేదు. యంత్రం తనకు తోచిన చిత్రం తీసింది. భోజనం దగ్గర వంగినప్పుడు దుపట్టా జారిన ఒక ఇల్లాలి చిత్రం అది. లింకు పంపగానే, ఎవరూ నొక్కకుండానే, ఆ బొమ్మ వాట్సాప్ గ్రూపులో బంధువులందరి ఫోన్లలోనూ ప్రత్యక్షమైంది. జీవితమంతా పరదా పాటించిన ఆ ఖాలా ఎన్నో రోజులు పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానుకున్నారు. అడిగితే వీడియో తీసినవాడు, “నేను ఎంచలేదండీ, మిషనే ఎంచింది” అన్నాడు.

మదీనా బజారులోని ఆ వ్యాపారి జవాబును మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాన పడింది అన్నాడతను. అది అబద్ధం కాదు. ధాన్యాన్ని తడిపింది అతను కాదు, ఆకాశం. అయినా దైవప్రవక్త (స) ఆ జవాబుతో అతన్ని వదిలేయలేదు. ఎందుకు తడిసింది అని నిలదీయలేదు. తడిసిన దాన్ని పైన ఎందుకు పెట్టలేదు అని నిలదీశారు. అంటే, తన చేతిలో లేనిదానికి అతను బాధ్యుడు కాడు. అది జరిగిన తరువాత తన చేతిలో ఉన్నదానికి మాత్రం బాధ్యుడే.

మిషన్ ఎంచింది అన్నది కూడా వాన పడింది అన్నట్టే. యంత్రానికి రంగుల లెక్క తెలుసు గాని మానమర్యాదలు తెలియవు. పరదా అంటే ఏమిటో, ఇల్లాలి మనసు ఎలా నొచ్చుకుంటుందో దానికి తెలియదు. అవి తెలిసినవాడు మనిషి. ఎక్కించిన తరువాత, లింకు పంపకముందు, అర నిమిషం ఆగి ఆ బొమ్మ ఏదో చూసి మార్చడం అతని చేతిలో ఉన్న పని. ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా, సలాం చేయకుండా వెళ్లవద్దని ఖుర్ఆన్ (24:27) మనకు నేర్పింది. ఒక ఇంటి ఆడవారి చిత్రాన్ని వందల ఫోన్లలోకి పంపేవాడు, ఆ వందల మందినీ అనుమతి లేకుండా ఆ ఇంట్లోకి తోలుకెళ్లినవాడే. పెళ్లి వీడియో తీసేవాడి చేతిలో ఉన్నది కెమెరా మాత్రమే కాదు, ఆ ఇంటి అమానత్.

గుమ్మంలోంచే తిరిగి వెళ్లేవారు

తప్పంతా బొమ్మ పెట్టినవారిదే అని చెప్పి ముగిస్తే అది కూడా ఒక అబద్ధపు బొమ్మే అవుతుంది. చూసేవారికీ ఇందులో వాటా ఉంది. బయాన్ విషయంలో వేలమంది చేసింది ఏమిటి? బొమ్మ చూశారు, లోపలికి వెళ్లలేదు, బొమ్మను మాత్రం మరో పదిమందికి పంపారు. ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోండి, తెలియక ఎవరికైనా హాని చేసి ఆనక పశ్చాత్తాపపడవలసి వస్తుంది అన్న భావంతో ఖుర్ఆన్ (49:6) విశ్వాసులను హెచ్చరించింది. విన్న ప్రతిమాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలునన్న అర్థం వచ్చే హదీసు కూడా ఉంది. చూసిన ప్రతి బొమ్మనూ పంపుకుంటూ పోయేవాడి సంగతి వేరే చెప్పాలా?

పత్తి కొనేవాడు తన పది రూపాయలు పోతాయన్న భయంతో రాశిలో మోచేతి దాకా చెయ్యి పెడతాడు. సాటి మనిషి పరువు విషయంలో మనం పైపొరను కూడా తాకకుండానే బేరం కుదుర్చుకుంటున్నాం.

కనుక బొమ్మ ఎంచే కూర్చిలో కూర్చున్న మన పిల్లలకు మూడు ప్రశ్నలు నేర్పుదాం. ఒకటి: వీడియో మొత్తం చూసినవాడు తిరిగి ఈ బొమ్మను చూస్తే, అవును, ఇందులో ఉన్నది ఇదే అంటాడా? రెండు: ఈ బొమ్మలో ఉన్న మనిషి నా పక్కన కూర్చొని ఉంటే, నేను దీన్ని ఎంచుతానా? మూడు: వీడియో తెరవనివాడు ఈ ఒక్క బొమ్మతోనే వెళ్లిపోతే, వాడి మనసులో నేను పెట్టి పంపింది నిజమేనా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ బొమ్మ పెట్టవచ్చు. ఒక్కదానికి రాకపోయినా మరొకటి వెతకాలి. 90 వేల చిత్రాలున్నప్పుడు నిజాయితీ గలది ఒక్కటైనా దొరక్కపోదు.

మా మాటలు విన్న తరువాత ఎమ్మిగనూరు యువకుడు ఆ బొమ్మను మార్చాడు. వక్త చేతులు జోడించి ‘నాయనలారా’ అంటున్న క్షణాన్ని పెట్టాడు. ఎర్ర అక్షరాలు తీసేసి, ‘అన్నదమ్ములు మళ్లీ కలవాలంటే’ అని రాశాడు. చూసేవారు తగ్గిపోయారు. దానికి అతను బాధపడలేదు. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాన్ని దాచకుండా ఉంటే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) చెప్పిన సంగతి అతనికి గుర్తుచేశాం. లెక్క తగ్గితేనేం, బర్కత్ ఉంటుంది.

అయితే వెబ్‌సైటులో బొమ్మ మారింది గాని, అప్పటికే ఫోన్లలోకి చేరిన బొమ్మ మారలేదు. ఆ అన్నదమ్ముల మధ్య ఈ రోజుకీ మాటలు లేవు. తమ్ముడు ప్రతి పండుగకూ అన్న ఇంటికి కబురు పంపుతూనే ఉన్నాడు. ఆ యువకుడు జుమా నమాజు తరువాత వారిద్దరి కోసం దుఆ చేస్తుంటాడు. పాఠకులు కూడా తమ దుఆల్లో ఆ ఇద్దరినీ తలచుకోవాలని కోరుతున్నాం.

అల్లాహ్ మన పైపొరనూ లోపొరనూ ఒకటిగా చేయుగాక! మనం చూపించేదానిలోనూ చూసేదానిలోనూ సత్యాన్ని పాటించే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.